అస్వాన్‌లో నూబియన్ మ్యూజియం చూడాలా, వదిలేయాలా?

మీరు అడిగింది ఇదీ: డిసెంబరులో అమ్మానాన్నలతో, ఇద్దరు పిల్లలతో ఈజిప్టు వెళ్తున్నారు. అస్వాన్‌లో ఉండేది ఒకటిన్నర రోజు. టూర్ వాళ్లు ప్లాన్‌లోంచి నూబియన్ మ్యూజియం తీసేసి, ఆ చోట పడవలో "నూబియన్ విలేజ్" పెట్టారు. అదేమంటే "కైరోలో ఎలాగూ పెద్ద మ్యూజియాలు చూస్తారు కదండీ, ఇదీ అలాంటిదే" అన్నారట. వదిలేయొచ్చా అని మీ సందేహం.

వదిలేయకండి. కాకపోతే అబూ సింబెల్ గుడికి వెళ్లే ముందు రోజు సాయంత్రం చూడండి, వెళ్లొచ్చాక కాదు. రెండు గంటలు కేటాయిస్తే సరిపోతుంది, తోట కూడా తిరగాలనుకుంటే రెండున్నర. విలేజ్‌ని పూర్తిగా తీసేయమని అననుగానీ, రెండిట్లో ఒకటే కుదిరితే మాత్రం మ్యూజియమే చూడమంటాను.

నేను చాలా ఏళ్లు మ్యూజియం గ్యాలరీల్లో పనిచేశాను. వస్తువులు అమర్చడం, లేబుళ్లు రాయడం, స్కూలు పిల్లలకి తిప్పి చూపించడం, ఇదే ఉద్యోగం. రిటైరయ్యాక మనవాళ్ల చిన్న బృందాలను ఈజిప్టు తీసుకెళ్తున్నాను. కాబట్టి ఈ జవాబు కొంచెం మ్యూజియం మనిషి చాదస్తంతో ఉంటుంది, భరించాలి.

ముందు రోజే ఎందుకంటున్నానో చెప్తాను. అస్వాన్ నుంచి అబూ సింబెల్ రోడ్డు మీద 280 కిలోమీటర్ల దాకా ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికో అయిదింటికో బయల్దేరదీస్తారు. ఎడారిలో పోను మూడు గంటల పైన, రాను మూడు గంటల పైన. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మీ నాన్నగారు మంచం తప్ప ఇంకేమీ అడగరు. ఆ సాయంత్రం మ్యూజియానికి తీసుకెళ్తే బల్ల కనిపించిన చోటల్లా కూర్చుంటారు. ఇది ఒళ్లు సంగతి. అసలు కారణం వేరే ఉంది. అబూ సింబెల్‌ను నేరుగా వెళ్లి చూస్తే ఫరో, అంటే ఈజిప్టు రాజు, రామ్సెస్ పెద్ద విగ్రహాలు నాలుగు కనిపిస్తాయి, ఫొటో దిగుతారు, వచ్చేస్తారు. ఆ గుడి ఈజిప్టు నడిబొడ్డున కట్టలేదు, నూబియా అనే పరాయి నేల మీద కట్టారు. నైలు నది మీద ఉత్తరానికి వచ్చే నూబియన్లకు "ఇక్కడ రాజు ఎవరో చూసుకోండి" అని చెప్పడానికి కట్టారు. ఆ నేల ఎవరిది, అది ఇప్పుడు ఎక్కడుంది అన్నది చెప్పేది ఈ మ్యూజియమే.

"కైరోలో ఉన్నవే ఇక్కడా ఉంటాయి" అన్న మాట అందుకే తప్పు. కైరో మ్యూజియాలు ఒక రాజ్యం గురించి, ఈ మ్యూజియం మునిగిపోయిన ఒక ప్రాంతం గురించి. అస్వాన్ దగ్గర నైలు నల్లరాతి గుండ్ల మధ్య చీలి పారుతుంది, దాన్ని మొదటి కాటరాక్ట్ అంటారు. అక్కణ్ణుంచి దక్షిణంగా సూడాన్‌లోకి పోయేదంతా నూబియా. అందులో ఈజిప్టు వైపు భాగం దాదాపు మొత్తం ఆనకట్ట వెనక ఏర్పడిన నాసర్ సరస్సు కింద ఉంది. ఆ సరస్సు పొడవు సూడాన్ భాగంతో కలిపి 500 కిలోమీటర్ల పైచిలుకు. 1902లో అస్వాన్‌లో మొదటి ఆనకట్ట కట్టారు. 1912లో ఒకసారి, 1933లో మరోసారి ఎత్తు పెంచారు. పెంచిన ప్రతిసారీ నూబియన్ ఊళ్లు ఇంకొంచెం పైకి జరిగి ఇళ్లు కట్టుకున్నాయి. 1960లో హై డ్యామ్ పని మొదలయ్యాక పైకి జరగడానికి కొండ కూడా మిగల్లేదు.

ఇది చదువుతుంటే మీకు నాగార్జునకొండ గుర్తురాకపోతే ఆశ్చర్యపడతాను. దాదాపు అవే సంవత్సరాలు. సాగర్ నీళ్లు రాకముందే 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వారు, కొన్ని కట్టడాలను ఊడదీసి కొండ మీదా, అనుపు దగ్గరా మళ్లీ పేర్చారు. అక్కడ నూబియాలో మునిగిపోయే కట్టడాలను కాపాడదాం రమ్మని 1960 మార్చి 8న యునెస్కో పిలుపునిచ్చింది. ఆ పిలుపుకు మన దేశం నుంచి కూడా ఒక బృందం వెళ్లింది. భారత పురావస్తు శాఖ తరఫున బి.బి.లాల్ నాయకత్వంలో 1961-62లో అఫ్యే, తూమాస్ అనే చోట్ల తవ్వకాలు చేశారు. ఈ సంగతి మన గైడ్లు కూడా చెప్పరు. ఆ రెండు చోట్లూ ఇప్పుడు నీళ్ల కిందే ఉన్నాయి.

యునెస్కో ఉద్యమం 20 ఏళ్లు నడిచింది. 22 కట్టడాలను తరలించారు. అబూ సింబెల్‌ను 1964-68 మధ్య వెయ్యికి పైగా దిమ్మెలుగా కోసి 65 మీటర్లు పైకి ఎత్తి, ఒడ్డు నుంచి వెనక్కి జరిపి పేర్చారు. ఫిలే గుడిని పక్కనున్న అగిల్కియా ద్వీపం మీదకు మార్చారు, అది పూర్తయ్యేసరికి 1980 వచ్చింది. సాయం చేసిన దేశాలకు కొన్ని గుళ్లు బహుమతిగా ఇచ్చేశారు. దెబోద్ గుడి మాద్రిద్‌లో ఉంది, దెందూర్ గుడి న్యూయార్క్‌లో ఉంది, తఫా గుడి నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో దెందూర్ ముందు నిలబడి ఫొటో దిగే ఉంటారు, అది ఇక్కడిదని తెలియకుండానే. గుళ్లు అన్నీ తలోచోటికీ పోయాక, తవ్వకాల్లో దొరికిన వస్తువులకు వాటి సొంత నేల దగ్గరే ఒక ఇల్లుండాలని ఈ మ్యూజియం తలపెట్టారు. 1997 నవంబరు 23న తెరిచారు.

భవనాన్ని కూడా చూడండి. ఈజిప్టు వాస్తుశిల్పి మహమూద్ అల్ హకీమ్ గీసిన ప్లాన్ ఇది. లోపలి ప్రదర్శనను మెక్సికోకు చెందిన పెద్రో రమీరెస్ వాస్కెస్ రూపొందించారు, మెక్సికో సిటీలోని మానవశాస్త్ర మ్యూజియం కట్టిన ఆయనే. 2001లో దీనికి ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది. గ్రానైట్ గుట్టను చదును చెయ్యకుండా దాని వాలును అనుసరించి కట్టారు, అందుకని రోడ్డు మీంచి చూస్తే అంత పెద్ద మ్యూజియం అనిపించదు. ప్రధాన గ్యాలరీ కింది అంతస్తులో ఉంటుంది. పెద్దవాళ్లకు మోకాళ్ల ఇబ్బంది ఉంటే లోపలికి వెళ్లగానే లిఫ్ట్ సంగతి కౌంటర్లో అడగండి.

దిగుతుంటేనే 8 మీటర్ల రామ్సెస్ విగ్రహం కనిపిస్తుంది. గెర్ఫ్ హుస్సేన్ గుడి నుంచి తెచ్చింది. ఆ గుడిలో కొండను తొలిచిన భాగం చాలామటుకు నీళ్లకే వదిలేశారు. ఈ రామ్సెస్‌ను జాగ్రత్తగా చూడండి, లక్సోర్‌లో మీరు చూసే రామ్సెస్‌లా ఉండడు. కాళ్లు లావుగా, ఒళ్లు బరువుగా, పనితనం మోటుగా ఉంటుంది. నాకు మాత్రం నున్నటి వాటికన్నా ఇదే ఇష్టం. అందరూ ఇక్కడే ఆగి సగం సమయం ఖర్చుపెట్టేస్తారు. మీరు అయిదు నిమిషాలు చూసి పక్కకి రండి, అసలు సరుకు గోడల వెంట ఉంది.

మొదట కుండలు. నవ్వకండి! నూబియా చరిత్రలో గొప్పతనం కుండలతోనే మొదలవుతుంది. అయిదువేల ఏళ్ల కిందటి ప్రజలను పురావస్తువాళ్లు "ఏ-గ్రూప్" అంటారు, వాళ్ల రాజులు ఎవరో ఏమిటో తెలియక పెట్టిన పేరు. వాళ్లు చేసిన కొన్ని గిన్నెలు గుడ్డు పెంకంత పలచన. చక్రం లేకుండా చేత్తో చేసి, పైన ఎర్రరంగుతో బుట్ట అల్లికలా గీతలు గీశారు. ఆ తర్వాత కెర్మా కాలం కుండలు చూడండి. కెర్మా సూడాన్‌లో ఉంది, క్రీ.పూ. 2500 నుంచి 1500 దాకా వెలిగిన రాజ్యం. ఆ కుండ అడుగు ఎర్రగా మెరుస్తుంది, అంచు నిగనిగలాడే నలుపు, రెండిటికీ మధ్య కొన్నిటి మీద బూడిద వెండి రంగు పట్టీ ఉంటుంది. ఆ పట్టీ కుంచెతో వేసింది కాదు, కాల్చేటప్పుడు వచ్చింది.

మన రాకాసి గుళ్లలో, అంటే పెద్ద బండలు పేర్చి కట్టిన పాతకాలపు సమాధుల్లో, దొరికే ఎరుపు-నలుపు కుండలను చూసినవాళ్లెవరైనా ఇక్కడ ఆగిపోతారు. రెండు రంగులూ ఒకే కుండలో రప్పించే ఉపాయం దగ్గరిదే. గాలి తగిలిన భాగం ఎరుపెక్కుతుంది, పొట్టులోనో బూడిదలోనో కూరుకుపోయిన భాగం నల్లబడుతుంది. అలాగని "మనవాళ్లే నూబియా వెళ్లారు" అని వాట్సాప్‌లో పెట్టేయకండి. రెండిటికీ మధ్య వందల ఏళ్ల తేడా, వేల మైళ్ల దూరం ఉన్నాయి. నిప్పు దగ్గర పనిచేసే ఇద్దరు కుమ్మరులకు ఒకే ఉపాయం తట్టడంలో వింతేమీ లేదు.

ఆ తర్వాత ఈజిప్టువాళ్లు నూబియాను ఆక్రమించిన అయిదారువందల ఏళ్ల కాలం వస్తుంది. కోటలు, శాసనాలు, బంగారు గనులు. దీన్ని తొందరగా దాటేయొచ్చు, ఎందుకంటే ఈ కథ లక్సోర్‌లో కావలసినంత వింటారు.

ఈజిప్టు రాజవంశాల్లో 25వ వంశం దగ్గర మాత్రం తప్పకుండా ఆగండి. ఇక్కడ కథ తిరగబడుతుంది. నపటా నుంచి వచ్చిన కుష్ అనే నూబియన్ రాజ్యపు రాజులు క్రీ.పూ. 8వ శతాబ్దంలో ఈజిప్టునే గెలిచి ఫరోలయ్యారు. వాళ్లలో పియే అనే రాజు తన విజయశాసనంలో, ఓడిపోయిన రాజు లాయంలో గుర్రాలు ఆకలితో మాడి ఉండటం చూసి మండిపడ్డానని చెక్కించుకున్నాడు. యుద్ధంలో అంత జరిగితే ఆయన మనసుకు గుచ్చుకుంది అదీ! ఆ వంశంలోని తహార్కా రాజు నల్లరాతి తల ఈ మ్యూజియంలో ఉంది. గుండ్రటి ముఖం, లావు పెదవులు, పొట్టి మెడ. ఈజిప్టు ఫరో నుదుటి మీద ఒక నాగు ఉంటే, కుష్ రాజుల నుదుటి మీద రెండు నాగులు ఉంటాయి. ఎక్కడైనా విగ్రహం చూసి ఇతను నూబియన్ ఫరోనా కాదా అని పోల్చుకోవడానికి పిల్లలకి ఈ ఒక్క గుర్తు చెప్పండి, మిగతా ప్రయాణమంతా వాళ్లే వెతుక్కుంటారు. మా బృందంలో ఒక టీచరమ్మ ఈ తల ముందు నిలబడి, "అయ్యో, ఈయన మన బైబిల్లో కూషు రాజైన తిర్హాకా కదా!" అన్నారు. అవును, ఆయనే. రాజుల రెండవ గ్రంథంలో హిజ్కియా కథలో వస్తాడు. ఆ తర్వాత కుష్ రాజ్యపు తర్వాతి రాజధాని మెరోయి రాణుల దగ్గరికి వచ్చేసరికి, అపొస్తలుల కార్యములలోని కందాకే రాణిని కూడా ఆ టీచరమ్మే గుర్తుపట్టారు. మెరోయిలో రాణులకూ రాజమాతలకూ ఉన్న బిరుదు అది. ఆ రోజు నాకన్నా ఆవిడే మంచి గైడు.

హర్వా అనే అధికారి విగ్రహం కూడా ఇక్కడే ఉంది. అమున్ దేవుడికి "దేవుడి భార్య" అనే హోదాలో ఉన్న అమెనిర్దిస్ రాకుమార్తె ఎస్టేటును నడిపిన మనిషి. బట్టతల, జారిన ఛాతీ, ముడతలు పడ్డ పొట్ట. ఈజిప్టు శిల్పాల్లో అందరూ పాతికేళ్ల కుర్రాళ్లలా సన్నగా ఉండి విసుగెత్తించాక ఈయన్ని చూస్తే ప్రాణం లేచొస్తుంది.

తర్వాత బల్లానా. పిల్లల కోసం ఒక్కటే చూపించాలంటే ఇదే. 1930ల మొదట్లో ఆనకట్ట ఎత్తు పెంచుతున్నారని హడావిడిగా సర్వే చేస్తుంటే, బల్లానా, కుస్తుల్ దగ్గర మట్టిదిబ్బలు కనిపించాయి. వాల్టర్ ఎమరీ, కిర్వాన్ అనే పురావస్తు శాస్త్రవేత్తలు వాటిని తవ్వితే అవి క్రీ.శ. 4-6 శతాబ్దాల నాటి రాజుల సమాధులని తేలింది. రాజుతోపాటు సేవకులనూ, గుర్రాలనూ కూడా పూడ్చారు. గుర్రాలకు వెండి కళ్లేలు, వెండి బిళ్లల జీన్లు ఉన్నాయి. ఆ సామాను తొడిగిన గుర్రం బొమ్మను మ్యూజియంలో నిలబెట్టారు. బల్లానా వెండి కిరీటాల మీద ఎర్రరాళ్లు, నాగులు, ఈజిప్టు దేవుడు హోరస్ కన్ను ఉంటాయి. ఆ కాలానికి ఈజిప్టు చాలావరకు క్రైస్తవమైపోయింది. ఫరోల గుర్తులు మాత్రం సొంతగడ్డ మీద చచ్చిపోయి, ఇక్కడ ఒకప్పుడు ఫరోలే తొక్కిపెట్టిన మనుషుల తలల మీద బతికున్నాయి. ఈ మ్యూజియంలో నాకు అన్నిటికన్నా నచ్చే అర ఇదే.

ఆ తర్వాత నూబియాలోనూ క్రైస్తవ రాజ్యాలు వచ్చాయి. అరబ్బు సేనలు ఈజిప్టును గెలిచినా నూబియాను గెలవలేక, 652 ప్రాంతంలో ఒప్పందం చేసుకుని వెనుదిరిగాయి. నూబియన్ విలుకాళ్లు కళ్లకు గురిచూసి కొడతారని అరబ్బు చరిత్రకారులే రాసుకున్నారు. ఇస్లాం ఆ తర్వాత నెమ్మదిగా వచ్చింది. ఈ భాగంలో వస్తువులు తక్కువ, చకచకా నడిచేయొచ్చు.

చివరి భాగం నూబియన్ పల్లె జీవితం. నిలువెత్తు బొమ్మలతో పెళ్లి, బడి, నేత, నీళ్ల మోట చూపిస్తారు. పిల్లలకి నచ్చుతుంది. నాకు మాత్రం ఇక్కడే పేచీ ఉంది. 1963-64లో ఈజిప్టు వైపు నుంచే దాదాపు 50,000 మందిని ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించి, కోం ఓంబో దగ్గర కొత్త కాలనీలకు తరలించారు. నది ఒడ్డున పుట్టినవాళ్లను నదికి దూరంగా, వరసగా కట్టిన ఇళ్లలో పెట్టారు. సూడాన్ వైపు వాదీ హల్ఫా ప్రజలనైతే దేశంలో మరోమూలకి, ఖష్మ్ అల్ గిర్బాకు పంపారు. మ్యూజియంలో గుళ్లను ఎలా కోసి ఎత్తారో వివరంగా ఉంది, మనుషులను ఎలా ఎత్తారన్నది మాత్రం బొటాబొటిగా ఉంది. నిర్వాసితుల మాటలు ఇంకా చాలా వినిపించాల్సింది. 2014 ఈజిప్టు రాజ్యాంగంలో నూబియన్లను పాత ప్రాంతాలకు తిరిగి తీసుకొచ్చే ప్రాజెక్టులను పదేళ్లలో అమలు చేస్తామని 236వ అధికరణంలో రాసుకున్నారంటే, ఆ గాయం ఎంత పచ్చిగా ఉందో చూడండి.

ఒకసారి మా బృందంలో శ్రీశైలం ముంపులో ఊరు పోగొట్టుకున్న పెద్దాయన ఒకరున్నారు. రామ్సెస్ దగ్గర అయిదు నిమిషాలు కూడా నిలబడలేదు. పాత ఊళ్ల ఫొటోల దగ్గర మాత్రం కదల్లేదు. మా నూబియన్ గైడుని పిలిచి, "పరిహారం ఇంటికిచ్చారా, చెట్టుకిచ్చారా?" అని అడిగారు. గైడు ఆశ్చర్యపోయి, ఖర్జూరపు చెట్ల లెక్క దగ్గర తన తాతగారు ఎంత గొడవపడ్డారో చెప్పాడు. ఇద్దరి మధ్యా తర్జుమా చెయ్యలేక నాకు చెమట పట్టింది. మిగతావాళ్లు తోటలోకి వెళ్లిపోయి, తిరిగొచ్చాక కూడా వాళ్ల మాటలు అవలేదు. అందుకే చెప్తున్నా, గైడు కావాలనుకుంటే నూబియన్ గైడునే అడగండి. "మీ కుటుంబం ఏ ఊరి నుంచి వచ్చింది?" అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, లేబుళ్లలో లేనిదంతా ఆయనే చెప్తాడు.

ఇంకో లోటు. కెర్మా, నపటా, మెరోయి, ఈ మూడు రాజధానులూ సూడాన్‌లో ఉన్నాయి. కాబట్టి కుష్ చరిత్రలో సగమే అస్వాన్‌లో కనిపిస్తుంది. మిగతాది ఖార్తూమ్‌లోని సూడాన్ జాతీయ మ్యూజియంలో ఉండేది. సూడాన్‌లోని ఫరస్ చర్చి గోడల మీంచి పోలండ్ బృందం ఊడదీసిన చిత్రాలు ఖార్తూమ్, వార్సాల మధ్య పంచుకున్నారు. 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధంలో ఖార్తూమ్ మ్యూజియాన్ని దోచేశారు. ఈ పరిస్థితుల్లో నూబియా చరిత్రను ఆ నైలు ఒడ్డునే, ఒకేచోట ఇంత వరసగా చూడగలిగేది అస్వాన్‌లోనే.

తోట మాట మర్చిపోకండి. రాతియుగం నాటి జంతువుల బొమ్మలు చెక్కిన బండలున్న గుహ, నూబియన్ ఇల్లు, నైలును తలపించేలా మెట్లుమెట్లుగా పారే నీటి కాలువ ఉన్నాయి. చెక్క సెంటరింగ్ లేకుండా పచ్చి ఇటుకతో కమాను లేపే నూబియన్ మేస్త్రీల పద్ధతి చాలా పాతది. 1940లలో ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ అస్వాన్ మేస్త్రీల దగ్గరే దాన్ని నేర్చుకుని ప్రపంచానికి చూపించారు. ఎండ తగ్గాక తోటకి రండి, డిసెంబరైతే ఎప్పుడైనా ఫరవాలేదు. సాయంత్రం చలిగాలికి పెద్దవాళ్లకు శాలువా ఉంచండి.

ఇక విలేజ్ సంగతి. టూర్ వాళ్లు తీసుకెళ్లేది సాధారణంగా గర్బ్ సుహేల్. నీలం, పసుపు రంగుల ఇళ్లు, ఒంటెలు, తొట్టిలో మొసలి, దాంతో ఫొటో. పడవ ప్రయాణం మాత్రం నిజంగా బాగుంటుంది. అక్కడివాళ్లు నూబియన్లే, అదే వాళ్ల బతుకుతెరువు, తప్పుపట్టను. మొసలి పిల్లను చేతికిచ్చి డబ్బులడిగితే మాత్రం వద్దనండి. ఇంకా తేలికైన దారి కావాలంటే ఊరి ఎదురుగా ఉన్న ఎలిఫెంటైన్ ద్వీపానికి ఫెర్రీలో వెళ్లండి. అక్కడి నూబియన్ పల్లెల సందుల్లో గంటసేపు నడిచి, ఎవరింట్లోనైనా కర్కదే తాగి రావచ్చు. కర్కదే అంటే మన ఎర్ర గోంగూర జాతి మొక్క పూల కింద ఉండే ఎర్రటి రక్షకపత్రాలతో కాచే పానీయం. మీ అమ్మగారికి ఒక్క గుక్కలో తెలిసిపోతుంది.

మీ ఒకటిన్నర రోజును నేనైతే ఇలా సర్దుతాను. మొదటి మధ్యాహ్నం ఫిలే. అక్కణ్ణుంచి వస్తూ దారిలో సగం చెక్కి వదిలేసిన ఒబెలిస్క్, అది మ్యూజియానికి దగ్గరే. సాయంత్రం మ్యూజియం, తోట. మర్నాడు తెల్లవారుజామున అబూ సింబెల్. తిరిగొచ్చి భోజనం చేశాక ఓపిక ఉన్నవాళ్లు ఎలిఫెంటైన్, లేనివాళ్లు హోటల్లో నిద్ర. మ్యూజియం తెరిచే వేళలు మారుతుంటాయి, కొన్నిసార్లు మధ్యాహ్నం మూసి సాయంత్రం మళ్లీ తెరుస్తారు, అందుకని ముందు రోజే హోటల్లో కనుక్కోండి. కొన్ని వస్తువులు ఇతర మ్యూజియాలకూ ప్రదర్శనలకూ వెళ్తుంటాయి, నేను చెప్పినవాటిలో ఒకటో రెండో కనిపించకపోతే అక్కడి సిబ్బందిని అడగండి. టూర్ వాళ్లు "టికెట్ ప్యాకేజీలో లేదు" అంటే ఆ టికెట్ మీరే కౌంటర్లో కొనుక్కోండి, బండి మాత్రం సాయంత్రం దాకా ఉంచమని ఇప్పుడే మెయిల్లో రాయించుకోండి.